రాజుగారి మెడ మీద గీత

కాల్మార్,
ఫిబ్రవరి, ఆదివారం.

ప్రియమైన బిర్గెర్‌కు,

గున్వోర్ రాస్తున్నది. ఇంట్లో అందరం కులాసాగానే ఉన్నాం. ఆ ఉత్తరాది సముద్రపు మంచులో నీ ఓడా, నీ ఒళ్ళూ భద్రంగా ఉన్నాయనుకుంటాను. ఈ సంగతులు ఫోన్‌లోనే చెప్పవచ్చు. కానీ ఫోన్‌లో నువ్వు రెండు జోకులేసి మాట మార్చేస్తావు. ఉత్తరానికి నువ్వు అడ్డు తగలలేవు కదా, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బాయిలర్ బాగైంది. అత్తయ్య తుంటి నొప్పి తగ్గి, కర్ర పట్టుకుని వంటింటిదాకా వస్తోంది. వచ్చి నేను చేసిన మాంసపు ఉండలు గట్టిగా ఉన్నాయంటోంది, అంటే కోలుకున్నట్టే. హాకీలో దెబ్బ తగిలిన మన పిల్ల ఆల్వా ముక్కు వాపు తగ్గింది. స్కూలు ఫొటోల కాలం కాబట్టి స్టూడియోలో నాకు తల ఎత్తే తీరిక లేదు. పొద్దున్నించి సాయంత్రందాకా పిల్లల మొహాల మీద మొటిమలు చెరుపుతున్నాను.

ఇక నువ్వు అడిగిన చివరి ప్రశ్న. మీ నాన్నగారి నాణేలు నీ తమ్ముడు టోర్కెల్ సరిగ్గా అమ్ముతున్నాడా అని. ఆ మాట చదివినప్పుడే నెట్‌లోకి వెళ్ళి చూశాను. చూశాక కాఫీ కూడా సహించలేదు. ఛీ, ఎంత రోత! అన్నీ దిద్దిన ఫొటోలే, అవీ నీ పేరు మీదే ఉన్నాయి. నువ్వు ఓడ ఎక్కుతూ నీ ఖాతా వాడికి అప్పగించి వెళ్ళావు కదా.

వెండి అన్నాక దానికో ఒళ్ళుంటుంది. రెండు వందల ఏళ్ళు జేబుల్లో, గల్లాపెట్టెల్లో దొర్లింది; సన్నటి నలుసులూ గీతలూ ఉండకుండా ఎలా ఉంటాయి? వాడి ఫొటోల్లో రాజుగారి బుగ్గ తడి సబ్బులా ఉంది. కింద పరిచిన నీలం ముఖమల్ గుడ్డ మీద ఒక తెల్లటి నూలుపోగు కనిపించింది. అదే పోగు, అదే వంకర, నాణేనికి అటుపక్క కూడా ఉంది. ఇక్కడి ముక్క తీసి అక్కడ అతికించాడన్నమాట. ఒక నాణెం మీద అంచుకు వెలుగు ఎడమ నుంచి పడుతోంది, అక్షరాల నీడ కూడా ఎడమకే పడుతోంది. సూర్యుణ్ణి కూడా మోసం చేద్దామనుకున్నాడు నీ తమ్ముడు.

వీటన్నిటికంటే వెగటు పుట్టించింది ఆకురాయి గీతలు చెరిపెయ్యడం. ఆ రోజుల్లో టంకశాలలో వెండి బిళ్ళ బరువెక్కువైతే ఆకురాయితో రుద్ది, ఆ తర్వాతే రాజుగారి బొమ్మ అచ్చు గుద్దేవారు. ఆ గీతలు నాణేనికి పుట్టుమచ్చలు. మన నాణేల సంఘంలో వాటిని చూసి మురిసిపోని వాళ్ళెవరు? టోర్కెల్ వాటిని దెబ్బలనుకుని శుభ్రంగా తుడిచేశాడు.

వాడి టైర్ల కొట్టుకే వెళ్ళాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి నవ్వాడు.

"వదినా, కాస్త మెరుగు పెట్టాను, అంతే. అందరూ చేసేదేగా? నువ్వు మాత్రం పిల్లల మొటిమలు తీసెయ్యట్లేదూ?"

"పిల్లల్ని నేను అమ్మట్లేదురా!" అన్నాను. కొట్లో ఉన్న ఇద్దరూ తలలు తిప్పి చూశారు.

"అబ్బ, మెల్లగా. కొనేవాళ్ళు చూసుకోరా ఏంటి?"

"దేన్ని చూసుకుంటారు? నువ్వు చూపించిందేగా వాళ్ళు చూసేది! నాణేన్ని పక్కకి వంచి ఇంకో ఫొటో పెట్టమని ఎవరైనా అడిగితే ఏం చేస్తున్నావు?"

"తీరిక లేదని రాస్తున్నా," అన్నాడు నేల చూస్తూ.

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ పడ్డాడు. నా ముందే ఆ ఫొటోలన్నీ తీసేశాడు, కొన్నవాళ్ళందరికీ నిజం రాసి, వద్దనుకుంటే వెనక్కి పంపమన్నాడు. రాస్తుంటే వాడి చెవులు ఎర్రబడ్డాయి. అంతా అయ్యాక గొణిగాడు.

"అన్నయ్యే చూపించాడు వదినా, ఎలా చెయ్యాలో."

"నీ తప్పు తీసుకెళ్ళి అన్న నెత్తిన రుద్దకు," అన్నాను. తలుపు గట్టిగా వేసుకుని వచ్చేశాను.

బిర్గెర్, ఆ క్షణాన నాకు అణువంత కూడా అనుమానం రాలేదు. ఆకురాయి గీత చెరపడానికి నీకు చెయ్యి రాదు. ఆ ఒక్క మాట చాలనుకున్నాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను కూడా.

ఇక్కడితో ఆపేసి, జాగ్రత్తగా ఉండు అని ముగించేద్దామని రెండుసార్లు కలం కింద పెట్టాను. కానీ మింగినకొద్దీ గొంతులోకి వస్తోంది.

మొన్న గురువారం నాణేల సంఘం కూడింది. ఎప్పటిలాగే చర్చి పక్క గదిలో కాఫీ, దాల్చినచెక్క బన్నులు. ఎల్సీ టీచర్ గారు కొత్తగా కొన్న నాణెం తెచ్చారు. నువ్వు ఓడ ఎక్కకముందు, శరదృతువులో, నీ చేత్తో ఫొటో తీసి నెట్‌లో అమ్మకానికి పెట్టిన వెండి రిక్స్‌డేలర్. ఆవిడ కళ్ళకు పొర కమ్ముతోందని నీకు తెలుసు. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చూసుకుంటానని అన్నాళ్ళూ పొట్లంలోనే దాచారట. ఆగలేక, మాకైనా చూపిద్దామని తెచ్చారు. మన పద్ధతి ప్రకారం చేతికివ్వకుండా పళ్ళెంలో ఫెల్ట్ గుడ్డ మీద పెట్టారు. నేను అంచులు పట్టుకుని తీసి, భూతద్దం కింద పెట్టాను.

రాజుగారి మెడ మీద ఆకురాయి గీతలు చక్కగా ఉన్నాయి. వాటికి అడ్డంగా, చెవి కింద నుంచి గడ్డందాకా, కత్తితో కోసినట్టు ఒక పచ్చి గీత కూడా ఉంది. గోటికి తగిలేంత లోతు.

బల్ల కింద ఫోన్ తెరిచి నీ ఫొటో చూశాను. అందులో కత్తి గీత లేదు. ఆకురాయి గీతలు మాత్రం ఒక్కటి తక్కువ కాకుండా ఉన్నాయి. కత్తి గీత వాటిని కోసిన ప్రతిచోటా తెగిన గీతను మళ్ళీ అతికి, వంపు కలిపి, మెరుపు దిద్ది ఉంది. ఆ పని టోర్కెల్ ఏడు జన్మలెత్తినా చెయ్యలేడు. ఏది ఉంచాలో, ఏది చెరపాలో తెలిసినవాడు, నాణేన్ని ప్రేమించేవాడు చేసిన పని అది. నిరుడు చలికాలం ఆల్వా ఫొటోలో నుదుటి మీద మచ్చ తీస్తుంటే నా భుజం మీదుగా చూస్తూ, "మచ్చ తీస్తే దాని మీది వెంట్రుకలు పోవా?" అని అడిగావు. ఒక్కో వెంట్రుకా విడిగా ఎలా అతకాలో చూపించాను. ఎంత ఓపిగ్గా నేర్చుకున్నావో! నా భర్తకు నా పని మీద ఇంత ఆసక్తా అని మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతోంది.

నీకు చెప్పకుండా నేను చేసింది ఇదీ: అందరి ముందూ చెప్పేశాను. ఫోన్, నాణెం పక్కపక్కన పెట్టి, "ఈ ఫొటో దొంగది. చేసింది నా భర్త," అన్నాను.

తర్వాత మన అధ్యక్షుడు సిక్స్‌టెన్, తెలుసుగా ఆయన నోరు, "ఇకమీదట బిర్గెర్ నాణెం తెస్తే ముందు బిర్గెర్‌ని భూతద్దం కింద పెట్టాలన్నమాట," అన్నాడు. నవ్వారు. అందరూ నవ్వారు బిర్గెర్. ఆ గదిలో నీ మాట అంటే సర్టిఫికెట్‌తో సమానంగా ఉండేది.

ఎల్సీ గారు మాత్రం నవ్వలేదు. "ఏదీ, నా వేలు పెట్టి చూపించమ్మా," అన్నారు. ఆవిడ చూపుడు వేలు పట్టుకుని ఆ గీత మీద ఆనించాను. అటూ ఇటూ రాసి చూసుకున్నారు.

"నన్ను క్షమించండి. ఫొటో అంత బాగా దిద్దితే ఎవరు కనిపెడతారు?" అన్నాను.

"ఫొటో ఎక్కడ చూశానమ్మా? ఈ కళ్ళతో ఏ ఫొటో కనిపించి చచ్చింది! బిర్గెర్ అని పేరు చదివించుకున్నాను, కొనేశాను."

వెనక్కి ఇచ్చెయ్యండి అంటే ఇవ్వనన్నారు. "అతగాడొచ్చి అడిగితే అప్పుడు ఆలోచిస్తా," అని రుమాల్లో చుట్టుకుని సంచిలో వేసుకున్నారు. బస్‌స్టాపుదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దారిలో నీ గురించి ఒక్క మాట అనలేదు, అల్లిక దారాల గురించి మాట్లాడారు. తిట్టినా బాగుండేది.

ఏ అవసరం కొద్దీ చేశావో నాకు తెలియదు. అవసరం కూడా కాదేమో, ఎంత చక్కగా కుదిరిందో చూడాలన్న సరదానేమో. అలా అయితే నాకు ఇంకా అసహ్యం. కిందటి ఉత్తరంలో "టోర్కెల్ ఫొటోలు నా ఫొటోల్లా శుభ్రంగా ఉండాలని చెప్పు" అని రాశావు. చెప్పాను. వాడు నీ అంత పనివాడు కాదు గనక దొరికిపోయాడు. దొరికాక మాత్రం తల వంచుకుని, తను చేసింది తనే విప్పుకున్నాడు.

ఓడ దిగగానే ఇంటికి రాకు. ముందు ఎల్సీ గారింటికి వెళ్ళు. ఆవిడ కళ్ళకు ఆ గీత కనబడదు, కాబట్టి నీ నోటితోనే చెప్పాలి, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉందో. అది పూర్తిగా చెప్పాక అప్పుడు రా. ఆల్వాకు ఏమీ చెప్పలేదు. దానికి ముద్దులు పంపావు, ఇచ్చాను.

నీ భార్య అని సంతకం పెట్టబోయాను, చెయ్యి రాలేదు.

ఇట్లు,
టోర్కెల్ వదిన,
గున్వోర్.