నత్త గెలుస్తుందట

మార్చి 3
మా ఆయన, అన్నయ్య మళ్ళీ మొదలుపెట్టారు. ఫోనులో ఆడే ఆటల్లోని జంతువుల గురించి. ఈయనది నిప్పులు కక్కే బల్లి. అన్నయ్యది రాతి చిప్ప ఉన్న నత్త. ఎదురుపడితే ఏది గెలుస్తుందని గొడవ. కానీ అవి ఎదురుపడవట, రెండూ వేరు వేరు ఆటల్లోవట. అంటే ఎప్పటికీ తేలదన్నమాట. ఆ మాటే మెల్లగా అంటే, నీకు తెలీదులే ఊరుకో అన్నారు, ఇద్దరూ ఒక్క గొంతుతో.

అన్నం ముందు కూర్చుని నత్త జిగురు గురించి వాదించుకునే మగవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

మార్చి 4
బల్లి పవర్ తొమ్మిది వందలట. నత్తది ఆరు వందలే కానీ, ఆ చిప్పకు నిప్పు అంటదట. నీ బల్లి ట్యూబ్‌లైటు పక్కన పురుగులు ఏరుకోవడానికే పనికొస్తుంది బావా, అన్నాడు అన్నయ్య. నీ నత్త మీద చిటికెడు ఉప్పు చల్లితే సరి బావా, అన్నారు ఈయన. అన్నయ్య కంచం వదిలేసి పై వాటాకు వెళ్ళిపోయాడు.

ముప్పై దాటిన మనిషి. ఉప్పు అన్నందుకు.

మార్చి 9
మాటల్లేవు. ఒకే స్కూటరు మీద డ్యూటీకి వెళతారు, మూతులు బిగించుకుని. మీ అన్నయ్యకు కూర కావాలేమో అడుగు, అంటారు ఈయన. అన్నయ్య ఎదురుగానే ఉంటాడు. వద్దని చెప్పవే, అంటాడు నాతో. నేనేమన్నా టెలిఫోనునా?

మార్చి 12
భయంగా ఉంది. ఇద్దరూ లిఫ్టులు బాగుచేస్తారు. అన్నయ్య లిఫ్ట్ పెట్టె నెత్తిన నిలబడి పని చేస్తాడు. ఈయన పై గదిలో స్విచ్ దగ్గర ఉంటారు. కదిపే ముందు ఈయన కేక వెయ్యాలి, అన్నయ్య సరేనని తిరిగి కేక వెయ్యాలి. అప్పుడే స్విచ్. మీ అన్నయ్య ప్రాణం నా గొంతులో ఉంది తెలుసా, అని పెళ్ళైన కొత్తలో నవ్వుతూ చెప్పారు.

మరి ఇప్పుడెలా అని అడిగాను. అన్నయ్య స్పానరుతో ఇనప కమ్మీ మీద కొడుతున్నాడట. రెండు దెబ్బలైతే కదపాలి, ఒకటైతే ఆపాలి. ఆ ఏర్పాటైనా మాట్లాడుకున్నారా అంటే, మెసేజ్ పెట్టుకున్నారట.

వాళ్ళ సూపర్‌వైజరుకు చెప్పాలని ఫోను తీశాను. పరాయి మనిషితో ఏమని మొదలుపెట్టను? ఫోను పక్కన పడేశాను.

మార్చి 17
అన్నయ్య కాలు గోడకూ లిఫ్టుకూ మధ్య నలిగింది.

మార్చి 18, ఆసుపత్రిలో
రెండు కాలివేళ్ళు తీసేశారు. కింద ఎవరో తలుపు బిగిస్తూ సుత్తితో రెండు దెబ్బలు వేశారట. అన్నయ్యే అనుకుని ఈయన స్విచ్ వేశారు. అంతే.

మంచం పక్కన కూర్చుని ఈయన వెక్కి వెక్కి ఏడ్చారు. అన్నయ్య చెయ్యి పట్టుకుని, నీ నత్తే గొప్ప బావా, ఒప్పుకుంటున్నా, అన్నారు. అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. లేదు బావా, నీ బల్లే, అన్నాడు. నత్తే అన్నారు ఈయన. బల్లి అంటుంటే వినవేం అన్నాడు అన్నయ్య. గొంతులు లేచాయి. వేళ్ళు పోయాయని జాలిపడి గెలిపించక్కర్లేదని అన్నయ్య. జాలెవడికి, లెక్క చూసే చెబుతున్నానని ఈయన. నర్సు వచ్చి ఇద్దరినీ దులిపేసింది. కట్టులోంచి రక్తం దుప్పటికి అంటుకుంది. వాళ్ళిద్దరూ చూడలేదు. ఒకడు గోడవైపు తిరిగాడు, ఒకరు కిటికీవైపు.

మళ్ళీ మాటల్లేవు.

ఛీ. నా వాళ్ళని చెప్పుకోవడానికే అసహ్యంగా ఉంది.

ఏప్రిల్ 30
అన్నయ్య రేపు డ్యూటీలో చేరతాడు. మళ్ళీ ఇద్దరికీ ఒకే లిఫ్ట్.

ఒక్కదాన్నే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. వీళ్ళిద్దరినీ ఒకచోట వెయ్యకండి అన్నాను. వాళ్ళకు పడట్లేదా అమ్మా, దేనికి ఈ గొడవ, అని అడిగాడు సూపర్‌వైజరు.

నత్త అని చెప్పడానికి నోరు రాలేదు.

నాకు పడట్లేదండీ అన్నాను. డ్యూటీ బోర్డు మీద పేర్లు మార్చేదాకా అక్కడే నిలబడ్డాను.