ఆరు మష్రూములు, ఒక అట్లకాడ

ఓక్‌విల్, జనవరి 9

సుధామయి గారికి,

నమస్కారాలు. మనవరాలు మూడు వారాలు ముందే పుట్టేయడంతో నేనూ భ్రమరాంబా ఎడ్మంటన్‌లో ఉన్నపళంగా ఫ్లైటెక్కేశాం. పక్కింటివారని తాళాలైతే మీ చేతిలో పెట్టాను గానీ, నా మష్రూములను చూపించే తీరిక దొరకలేదు. ఇక్కడ ఫోన్‌లో మాట్లాడితే పాప లేస్తోంది, అందుకే ఈ మెయిలు.

ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యారు, మీకు ఒకటికి రెండుసార్లు చెప్పక్కర్లేదు. మష్రూములకు ఎక్కువ వెలుతురు పడదు. కదపకూడదు. వారానికోసారి చిటికెడు రొయ్యపొడి చల్లాలి. ట్యాంకులో నీళ్లు తగ్గితే నీలం డబ్బాలోని మంచినీళ్లు పోయండి. నాలుగేళ్లుగా కన్నబిడ్డల్లా పెంచుతున్నాను. ఉన్నవి ఆరే.

ఇట్లు,
కోదండరామ్

తా.క.: కొత్త మనిషిని చూస్తే ముడుచుకుపోతాయి. కంగారుపడకండి. మా అల్లుడూ అంతే.

&nbsp;

ఎడ్మంటన్, జనవరి 15

కోదండరామ్ గారికి,

పాపకు ఆశీస్సులు. మష్రూములు ఫ్రిజ్‌లో కింది అరలో కనిపించాయి. మీరు ఆరన్నారు, పెట్టెలో పదకొండున్నాయి. మీరు వెళ్లాక పెరిగాయేమో. వెలుతురు తగలకుండా గుడ్డ కప్పాను. రొయ్యపొడి మాత్రం నా చేత్తో ముట్టను, ఏమీ అనుకోకండి. దాని బదులు ధనియాలపొడి చల్లాను. మీరన్నట్టే ముడుచుకుంటున్నాయి. నేను కంగారుపడలేదు.

ట్యాంకులో నీళ్లు వేలితో రుచి చూశాను. ఉప్పు బాగా ఎక్కువైంది. మీకు బీపీ కూడా ఉంది కదండీ!

ఉంటాను,
సుధామయి

తా.క.: ట్యాంకులో రాళ్లకు ఊదారంగు బుడిపెలు జిగటగా పట్టి ఉన్నాయి. ఈ పొద్దున అట్లకాడతో అన్నీ గీకేశాను. ఇప్పుడు చూడముచ్చటగా ఉంది.

&nbsp;

ఓక్‌విల్, అదే రోజు, పది నిమిషాల తర్వాత

అమ్మా సుధామయి గారూ,

ఆ బుడిపెలే మష్రూములు! అవి సముద్రంలో బతికే పగడాలు. చూడ్డానికి పుట్టగొడుగుల్లా ఉంటాయని ఆ పేరు. ఫ్రిజ్‌లోవి కూరకి తెచ్చినవి! గీకినవి ఎక్కడ పడేశారు? సింకులో అని మాత్రం చెప్పకండి.

కోదండరామ్

తా.క.: ధనియాలపొడి ఎలాగూ వేశారు, కూర మీరే వండుకోండి.

&nbsp;

ఎడ్మంటన్, అదే రోజు సాయంత్రం

కోదండరామ్ గారికి,

మీ మెయిలు ఒకటికి రెండుసార్లు చదివాను. ముప్పయ్యారేళ్ల సర్వీసులో ఒక్క డాక్టరు చీటీ తప్పు చదవలేదు. చివరికి మీ ఇంట్లో ఇంత పని చేశాను.

సింకులో పోయలేదు. ట్యాంకు నీళ్లే బకెట్‌లో పోసి, గీకిన ముక్కలు అందులో వేశాను. పారబోద్దామంటే బయట మైనస్ ముప్పై రెండు. కోటు తొడుక్కోవడానికి బద్ధకించి లాండ్రీ రూములో వదిలేశాను. లెక్కపెట్టాను, ఇరవై తొమ్మిది ముక్కలు. ఏం చెయ్యమంటారు?

సుధామయి

తా.క.: కూర వండే ఓపిక లేదు.

&nbsp;

ఓక్‌విల్, అయిదు నిమిషాల తర్వాత

సుధామయి గారికి,

బద్ధకానికి దండం! ముక్కలు మళ్లీ మొలుస్తాయని నేను ఎప్పుడో చదివినవాణ్ణే. కంగారులో బుర్ర పనిచేయలేదు. భ్రమరాంబ ఫోన్‌లో వెతికి నా ముందు పెట్టాకే గుర్తొచ్చింది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో చిన్న రాళ్లు పరిచి, వాటిమీద ముక్కలు వేసి, పైన వల కట్టి, ట్యాంకులో నీటి విసురు తగలని మూల పెట్టండి. అన్నీ బతకవు. ఒక్కటి బతికినా చాలు.

కోదండరామ్

తా.క.: ఈసారి రొయ్యపొడే.

&nbsp;

ఎడ్మంటన్, మార్చి 22

కోదండరామ్ గారికి,

మూడు కరిగిపోయాయి. తక్కిన ఇరవై ఆరూ రాళ్లకు అతుక్కున్నాయి! రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని వాటి ముందే కూర్చుంటున్నాను. మొదటిది చిటికెనవేలి గోరంత విచ్చుకున్న రోజు ఏడ్చేశానంటే నమ్మండి. రిటైరయ్యాక నాకోసం ఎదురుచూసే ప్రాణి ఇన్నాళ్లకి దొరికింది.

సుధామయి

తా.క.: గ్లవ్స్ తొడుక్కుని రొయ్యపొడి వేస్తున్నాను. మన వ్రతాల గ్రూపులో మాత్రం చెప్పకండి.

&nbsp;

ఓక్‌విల్, మార్చి 24

సుధా,

నేను భ్రమరాంబని. నాచు పట్టింది, గీకెయ్యమని నీకు ఫోన్ చేసి చెప్పింది నేనే కదా. నువ్వు ఆయన దగ్గర ఒక్కసారి కూడా నా పేరెత్తలేదు. నింద మొత్తం నువ్వే మోశావు.

అది నాచు కాదని నాకు తెలుసే. ఆ ట్యాంకు వచ్చిన దగ్గర్నుంచి మా డైనింగ్ టేబుల్ బేస్‌మెంట్‌లో పడి ఉంది. అవి పోతే ట్యాంకూ పోతుందని ఆశపడ్డాను. కానీ ఆ రోజు ఆయన పాపని ఒళ్లో పెట్టుకుని కూడా ఆ మష్రూముల ఫొటోలే చూస్తూ కూర్చుంటే నా మీద నాకే రోత పుట్టింది. అప్పుడు గబగబా ఫోన్ తీసి వెతికాను.

నిన్న ఆగలేక ఆయనతో నిజం చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "కోస్తేనే పెరుగుతాయని తెలిసీ నాలుగేళ్లుగా నాకు చెయ్యి రాలేదు భ్రమరా. నాకోసం నువ్వింత తెగించావా!" అన్నారు. నీకోసం కాదు మహానుభావా అంటే వినిపించుకోరే!

ఇరవై ఆరింటికి పాత ట్యాంకు చాలదట. దానికి రెండింతలది ఇంకోటి ఆర్డర్ పెట్టారు. నా పుట్టినరోజు కానుకట.

నీ
భ్రమరాంబ

తా.క.: డైనింగ్ టేబుల్ మీ ఇంట్లో పడుతుందేమో కాస్త కొలిచి చెప్పవూ.