ట్రంకులో పెట్టని ఉత్తరం

జనవరి 11

నా రాత బాగోదు. తప్పులు కూడా ఉంటాయి. ఎవరైనా చదివితే మన్నించాలి. చదివేవాళ్లు ఎవరూ లేరనుకోండి.

మా బడి హెడ్మాస్టర్ ఫోన్ చేశాడు. బడికి డెబ్భై ఐదేళ్లట. నేను అక్కడ చదివినవాణ్ణి కాబట్టి బడి జ్ఞాపకాలు, మిలిటరీ అనుభవాలు రెండు పేజీలు రాసి పంపాలట. మీరు ఎన్ని యుద్ధాలు చూశారో పిల్లలకు తెలియాలి సార్ అన్నాడు. నేను చూసింది దుప్పట్లు, బూట్లు. ఇరవై ఎనిమిదేళ్లూ స్టోర్‌లోనే. ఆ మాట చెప్పలేక సరే అన్నాను.

జనవరి 12

ఏమీ రాయలేదు.

జనవరి 14

బడి అంటే గంటోడే గుర్తొస్తాడు. రేకుల షెడ్డు ముందు వేలాడే ఇనప ముక్కను వాడే కొట్టేవాడు, అందుకే ఆ పేరు. నా పక్కనే కూర్చునేవాడు. నా పలక చూసి మాస్టారు, ఇది రాతా, కోడి గెలికిందా అనేవారు. క్లాసంతా నవ్వేది. గంటోడు మాత్రం ఆయన అటు తిరగ్గానే పలక లాక్కుని ముత్యాల్లాంటి అక్షరాలు రాసిచ్చేవాడు.

మిలిటరీ సెలక్షన్‌కి ఇద్దరం ఒకే సైకిల్ మీద వెళ్లాం. నా ఫారం కూడా వాడే నింపాడు. సంతకమైనా నువ్వు పెట్టరా బాబూ, లేకపోతే నన్నే రెండుసార్లు చేర్చుకుంటారు అన్నాడు.

హెడ్మాస్టర్‌కు ఇక్కడిదాకా రాయొచ్చు.

జనవరి 15, మధ్యాహ్నం

ఇక్కణ్ణుంచి రాయలేనిది.

యూనిట్‌లో ఎవరైనా పోతే వాళ్ల సామాను ట్రంకులో సర్ది ఇంటికి పంపే పని నాది. రక్తం మరకలున్నవి పంపకూడదు, కాల్చేయాలి. ఇంటివాళ్లు తట్టుకోలేరని ఆ రూలు. మంచి రూలే.

ముప్పై తొమ్మిదేళ్ల కిందట గంటోడి ట్రంకు సర్దాను. చొక్కా జేబులో సగం రాసిన ఉత్తరం, భార్యకి. ఒక మూలంతా మరక. ఆఫీసర్ కాల్చేయమన్నాడు. ఎస్ సార్ అన్నాను. ఆ అక్షరాలు చూశాక చేతులు రాలేదు. వేరే కాగితం మీద ఎక్కించి పంపుదామని నాలుగుసార్లు రాశాను. నా రాత చూస్తే ఇది ఆయనది కాదని ఆమె ఒక్క చూపులో పట్టేస్తుంది. నాలుగూ చించేశాను.

సెలవులో వెళ్లినప్పుడు ఆమె అడిగింది. పోట్లాడుకున్నాం అన్నయ్యా, గుమ్మం దాటేటప్పుడు వెళ్లొస్తానని కూడా అనలేదు, నా మీద కోపంతోనే పోయాడా, నీతో ఏమైనా చెప్పాడా అని. చుట్టూ జనం. లేదమ్మా, ఏం చెప్పలేదు అన్నాను. ఒకసారి లేదన్నాక మళ్లీ ఉందని ఎలా అనను? తర్వాత ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదన్నాను.

ఉత్తరం నేను రిటైరైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో ఉంది.

జనవరి 19

మళ్లీ హెడ్మాస్టర్. ఫంక్షన్‌కి గంటోడి భార్యను కూడా పిలవబోయాడట. ఆమె మంచం దిగడం లేదట. చూపు కూడా పోయిందట.

మా అమ్మాయికి అంతా చెప్పాను. వంటగదిలోంచి బయటికి రాకుండానే, ఇన్నేళ్లు అన్నం ఎలా తిన్నావు నాన్నా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

జనవరి 20

వెళ్లలేదు. ఉత్తరం ఆమెకు ఇచ్చి రమ్మని మా అమ్మాయి అంటే మోకాళ్ల నొప్పులని చెప్పాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

జనవరి 22, సాయంత్రం 6

వెళ్లాను.

అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది. ఏం అన్నయ్యా, ఇంకా ఆ బూట్లు వదల్లేదా అని నవ్వింది. ఉత్తరం చేతిలో పెట్టి, అంతా చెప్పాను. కాగితం తడుముతూ మరక దగ్గర ఆగింది. చదవమంది.

తప్పు నాదేనే. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగితే ఇక కదల్లేనని భయమేసి తిరగలేదు. కోపం పోతే ఒక్క ముక్క రాయి. అంతే ఉంది.

ఆమె ఏడవలేదు. కోపంతో పోయాడనే నేనూ కోపం పెంచుకుని బతికాను, ఫోటో గోడకి పెట్టనివ్వలేదు, పిల్లలు నాన్న ఊసెత్తితే నోరు మూయించాను, ఇప్పుడిది నేనేం చేసుకోను అన్నయ్యా అంది. పాత మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టింది. దాచింది నువ్వే కదా, నీ దగ్గరే ఉంచుకో అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చేశాను.

జనవరి 25

హెడ్మాస్టర్‌కు ఒక్క లైను పంపాను. మా బడి గంట బాగా మోగేది.

జనవరి 28

ఒరేయ్ గంటోడా, నా రాత చూసి నవ్వకు. నీ ఉత్తరం చేర్చాను. ఆమె జవాబివ్వలేదు. ఆమెతో ఏం చెప్పాలో, నా పలక మీద రాసిచ్చినట్టు ఇదొక్కటీ నువ్వే రాసిపెట్టరా. ఇది అందగానే జవాబు రాయి. ఆలస్యం చేయకు.