బగలి చాపరి బడికి ‘ఎ’ గ్రేడు

బ్లాకు విద్యా కార్యాలయం, ఘాట్‌పార
డిసెంబరు 4

బగలి చాపరి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు శ్రీ రత్నేశ్వర్ దోలే గారికి, నమస్కారములు.

ఈ ఏడు బ్లాకులోని మాధ్యమిక పాఠశాలలన్నిటి నాణ్యత పరీక్షించి, ‘ఎ’ నుంచి ‘డి’ దాకా గ్రేడులు ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మీ బడి నా వంతుకు పడింది. ‘డి’ వచ్చిన బడిని మూసేసి పిల్లల్ని అవతలి ఒడ్డున ఉన్న పెద్దబడిలో కలిపేస్తారు. ఇది బెదిరింపు కాదు, సమాచారం.

12వ తేదీన వస్తాను. బోధన, హాజరు, మధ్యాహ్న భోజనం, పైకప్పు, మరుగుదొడ్డి చూస్తాను. నా కోసం ప్రత్యేకంగా ఏర్పాట్లు చేయవద్దు. కొత్తగా సున్నం కొట్టిన గోడ కనిపిస్తే నాకు అనుమానమూ తుమ్ములూ కలిసి వస్తాయి.

ఇట్లు,
పద్మధర్ హాతిబరువా
తనిఖీ అధికారి

తా.క.: మ్యాపులో మీ బడి ఉన్నచోట నీలం రంగు వేసి ఉంది. అచ్చుతప్పు అయి ఉంటుంది. దారి తెలియజేయగలరు.

*

బగలి చాపరి
డిసెంబరు 7

మాన్యులు హాతిబరువా సార్ గారికి, రత్నేశ్వర్ దోలే వినయంగా రాసుకునేది.

అచ్చుతప్పు కాదు సార్, అది నదే. మా బడి అక్కడ ఉండేది. లూయిత్ నది ఒడ్డు కోసుకుపోయినప్పుడల్లా మేము ఇళ్లు విప్పేసి, గుంజలూ తడికెలూ రేకులూ పడవలకెత్తుకుని ఇంకో ఇసుకమేట మీద కట్టుకుంటాం. బడీ మాతో పాటే వస్తుంది. మట్టి నదికి పోతుంది, పేరు మాత్రం మేము తెచ్చుకుంటాం. అందుకే బగలి చాపరి ఎప్పుడూ బగలి చాపరే, ఎక్కడున్నా సరే.

దారి చాలా తేలిక. ఘాట్‌పారలో పడవ ఎక్కగానే నోట్లో ఒక వక్క వేసుకోండి. అది అయిపోయాక ఇంకొకటి. రెండోది అయిపోయేసరికి మా లంక వస్తుంది. మీరు ఎంత వేగంగా నములుతారో నాకు తెలియదు కనుక, పడవవాణ్ణి నమలమనండి.

ఒక్క మాట మాత్రం మనసు విప్పి రాస్తున్నాను. ‘డి’ అన్న అక్షరం చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మా పై తరగతుల్లో ఎక్కువమంది ఆడపిల్లలు. వర్షాకాలం నది దాటి పెద్దబడికి వాళ్లను ఎవరూ పంపరు. ఈ బడి పోతే వాళ్ల చదువు పోయినట్టే. మీకు మా బడిలో లోపాలు కనపడతాయి. దాచను. పిల్లల్ని మాత్రం ఒక్కసారి పలకరించండి.

మీ విధేయుడు,
రత్నేశ్వర్ దోలే

తా.క.: మరుగుదొడ్డి ఉంది. కాకపోతే పోయిన వరదకి అది మాకంటే ముందే బయలుదేరి దిగువ లంకలో ఆగింది. అక్కడివాళ్లు వాడుకుంటున్నారు. తిరిగి అడగడానికి మొహమాటంగా ఉంది.

*

ఘాట్‌పార
డిసెంబరు 14

ప్రియమైన దోలే గారికి,

ఇంత సంతోషంగా ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. మొన్న మీ బడి చూసి వచ్చినప్పటి నుంచి నేను ఇంకా నేల మీదకి దిగలేదు.

నది నిండా మంచు. పడవ ముందున్న వాడికి వెనకున్న వాడు కనపడడం లేదు. ఏదో పాలల్లో తేలుతున్నట్టుంది. ఆ తెల్లదనంలోంచి ముందు మీ బడి బోర్డు కనిపించింది, తర్వాత బోర్డు కింద బల్లల మీద సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లలు. గోడలే లేవు! ఎంత గొప్ప ఆలోచన! పక్కనే పొయ్యి, పొయ్యి మీద కెటిలు. ఆవిరి గురించి అడిగితే ఒక పాప కెటిలు మూత వైపు చెయ్యి చూపించింది. పుస్తకం చూడాల్సిన పనే లేదు. లెక్కల పాఠం మరీ బాగుంది. లోపల నువ్వులు పెట్టి చుట్టిన పొడుగాటి పిఠాని సగం, సగంలో సగం చేస్తూ భిన్నాలు చెప్పాం. ప్రతి భిన్నాన్నీ పిల్లలు అక్కడికక్కడే తినేశారు. నిజరా అనే అమ్మాయి, “సార్, మొత్తం తినేశాక మిగిలేది సున్నా కదా, మరి సున్నాకి ఆకలేస్తే ఏం చేస్తుంది?” అని అడిగింది. పడవలో తిరిగి వస్తూ ఆలోచించాను. ఇప్పుడూ ఆలోచిస్తున్నాను.

మధ్యాహ్నానికి వెళ్దామనుకున్నవాణ్ణి, మంచు విడిచి, ఎండ పసుపుగా వాలేదాకా లేవలేదు. ‘ఎ’ గ్రేడు ఇచ్చి నివేదిక నిన్ననే జిల్లాకు పంపేశాను. అభినందనలు.

మీ,
హాతిబరువా

తా.క.: చిన్న లోపాలు రెండు. ఒకటి, మీరు లుంగీ మీద బడికి రావడం. రెండు, వెనక బెంచీ విద్యార్థుల్లో కొందరికి గడ్డాలున్నాయి, బీడీలు కాలుస్తున్నారు. వయోజనులకు చదువు చెప్పడం మంచిదే, బీడీలు మాన్పించండి.

*

బగలి చాపరి
డిసెంబరు 17

మాన్యులు హాతిబరువా సార్ గారికి,

మీ ఉత్తరం చదివి ఆనందించాలో తల పట్టుకోవాలో తెలియక, రెండూ చేశాను.

సార్, మీరు మా బడికి రాలేదు. 12న నేను ఉతికిన ధోవతి కట్టుకుని, మీకు కప్పడానికి కొత్త గమోసా కండువా చేతిలో పట్టుకుని, ఖాళీ బడిలో పొద్దు గూకేదాకా నిలబడ్డాను. మీరు చూసింది నా బావమరిది టంకేశ్వర్ టీకొట్టు.

పోయినసారి ఒడ్డు కోసినప్పుడు నది ఊరి మధ్యలోంచి పోయింది. సగం ఊరు ఇటు, సగం ఊరు అటు. మేమూ పేరు వదులుకోలేదు, వాళ్లూ వదులుకోలేదు. ఇప్పుడు రెండూ బగలి చాపరే. బడి నాతో ఇటు వచ్చింది, బోర్డు ఎక్కిన పడవ అటు పోయింది. టంకేశ్వర్ కొట్టు కప్పుకి చిల్లు ఉంటే దాన్ని అడ్డం పెట్టాడు. మీరు చూసిన పిల్లలు మాత్రం మా వాళ్లే. పిల్లలున్న ఇళ్లు దాదాపు అన్నీ అటే పడ్డాయి, రోజూ ఆ పాయ దాటి నా దగ్గరకు వస్తారు. ఆ రోజు మంచుకి పాయ దాటించే చిన్న పడవ కదల్లేదు.

టంకేశ్వర్‌ని నిలదీశాను. “నన్ను తిడతావేంటి బావా! ఇది బగలి చాపరేనా అన్నాడు, అవునన్నా. ఇక్కడ పెద్ద నువ్వేనా అన్నాడు, నా కొట్టుకి నేను కాక ఇంకెవడు పెద్ద? బడేనా అని ఒక్కసారి అడిగితే నోరారా కాదని చెప్పేవాణ్ణిగా!” అన్నాడు.

ఇంకో సంగతి. మాకు లెక్కల మాస్టారే లేరు. వస్తారు వస్తారని పిల్లలకు ఏటా చెబుతున్నాను. మీరు మెచ్చుకున్న ఆ పాఠం చెప్పింది మీరే సార్.

మంచులో ఆ రోజు పాయ అవతల్నించి ఎవరో భిన్నాలు చెబుతున్నట్టు, పిల్లలు నవ్వుతున్నట్టు వినిపించింది. పిల్లల కోసం ఎదురుచూసి ఎదురుచూసి చెవులకు భ్రమ పుట్టిందనుకున్నాను. ఎంత హాయిగా ఉందో! భ్రమైనా కాసేపు ఆగకుండా ఉంటే బాగుండుననుకుంటూ నిలబడ్డాను.

దయచేసి ఆ ‘ఎ’ రద్దు చేసి మళ్లీ రండి.

మీ విధేయుడు,
రత్నేశ్వర్ దోలే

తా.క.: గడ్డాల విద్యార్థులు పడవవాళ్లు. వాళ్లలో ఒకాయన మా పెదనాన్న. ‘ఎ’ గ్రేడులో పాసయ్యానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. పై చదువులకు పంపమని మా అన్నయ్యని పీక్కుతింటున్నాడు.

*

ఘాట్‌పార
డిసెంబరు 21
(చదివి పొయ్యిలో వేయండి)

దోలే గారికి,

కొంప మునిగింది. మీ భాషలో చెప్పాలంటే, ఒడ్డు కోసేసింది.

నివేదిక వెనక్కి రప్పించాలంటే టీకొట్టుని బడి అనుకున్నానని నా చేత్తో నేను రాసుకోవాలి. పైగా జిల్లా అధికారిణి శ్రీమతి బర్‌ఠాకుర్ గారికి అది తెగ నచ్చేసింది. బ్లాకులోని ప్రధానోపాధ్యాయులందరూ పడవలు కట్టుకుని వచ్చి మీ పద్ధతి నేర్చుకోవాలట. అది కూడా ఓర్చుకోవచ్చు. ఆ లెక్కల మాస్టారి పేరు పంపమని, సభ పెట్టి సన్మానిస్తామని రాశారు! పాఠం చెప్పింది నేనేనని నివేదికలో రాయడం మరిచిపోయాను. ‘చెప్పాం’ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది?

బతిమాలుకుంటున్నాను. మాట్లాడకండి. పిల్లలు మీవాళ్లే కదా, తెలివి వాళ్లదే కదా. ‘ఎ’ మీ దగ్గరే ఉంచుకోండి. ఆడపిల్లల చదువు నిలబడుతుంది, నా ఉద్యోగమూ నిలబడుతుంది. ఎవరికి నష్టం?

మీ,
హాతిబరువా

తా.క.: మీ బావమరిది టీలో ఏం వేస్తాడు? వచ్చినప్పటి నుంచి ఆఫీసు టీ తాగితే ఫైలు నానబెట్టిన నీళ్లలా ఉంది.

*

బగలి చాపరి
జనవరి 2

మాన్యులు హాతిబరువా సార్ గారికి,

ఆలస్యానికి మన్నించాలి. ప్రధానోపాధ్యాయులు రెండు పడవల నిండా వచ్చారు. మా బడికి కాదు, బోర్డు ఉన్నచోటికే. టంకేశ్వర్ వాళ్లకు పద్ధతి నేర్పాడు. “ముందు నీళ్లు మరగాలి సార్, ఆకు తర్వాతే. తొందరపడ్డారా, చేదే!” అన్నాడట. అందరూ రాసుకున్నారు. పెద్దబడి హెడ్‌మాస్టారు దీన్ని పిల్లలకు అన్వయించి కంటతడి పెట్టుకున్నారు. ఇప్పుడు టంకేశ్వర్ బోర్డు ఇవ్వనంటున్నాడు. పైగా, “నువ్వు ఇన్నేళ్లు బడి నడిపినా ఒక్క పడవైనా వచ్చిందా బావా?” అంటున్నాడు.

సార్, మీ మాట గురించి చాలా ఆలోచించాను. ఊరుకుంటే బడి నిలుస్తుంది. ఊరుకోవాలని నాకూ ఉంది. కానీ రోజూ పిల్లల వెనకాల తిరుగుతూ పక్కవాడిది చూసి రాయొద్దని చెప్పేది నేనే. వాళ్లు గెలవాల్సిన ‘ఎ’ని నేను టీకొట్టు పలకలోంచి చూసి రాసుకోలేను. అందుకే శ్రీమతి బర్‌ఠాకుర్ గారికి జరిగిందంతా రాసి నిన్ననే పంపాను. మీ మీద నెపం పెట్టలేదు, మంచు మీద పెట్టాను. ‘డి’ వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. చాలా భయంగా ఉంది.

పిల్లలకు ఇవేవీ తెలియవు. వాళ్ల లెక్కలో మీరే కొత్త లెక్కల మాస్టారు. అందుకే ఆ రోజు ఇది బడి కాదని ఒక్కరూ నోరు విప్పలేదట. “చెబితే వెళ్లిపోతారు కద సార్!” అంది నిజరా. పొద్దునే అందరికంటే ముందు రేవుకి పోయి కూర్చుంటున్నారు. ఏమర్రా అంటే, “సారు పరుపుచుట్ట తెచ్చుకోడానికి పోయారు. బరువుగా ఉంటదిగా, పట్టుకోవద్దూ!” అంటున్నారు.

మీ విధేయుడు,
రత్నేశ్వర్ దోలే

తా.క.: పెదనాన్న బీడీలు మానేశాడు. ‘ఎ’ గ్రేడు వాళ్లకు బాగుండదట.

*

ఘాట్‌పార
జనవరి 16

ప్రధానోపాధ్యాయులు శ్రీ దోలే గారికి, నమస్కారములు.

మీ ఉత్తరం శ్రీమతి బర్‌ఠాకుర్ గారి బల్ల మీద ఉండగా నన్ను పిలిపించారు. ఆవిడ మీ ఉత్తరం ఒక చేతిలో, నా నివేదిక ఒక చేతిలో పట్టుకుని తూకం వేస్తున్నట్టు చూశారు.

“హాతిబరువా గారూ, ఈ నివేదిక మీద నా సంతకం ఉంది. పైకి వెళ్లింది, మెప్పు కూడా వచ్చేసింది. కనుక ఇందులో తప్పుండడానికి వీల్లేదు. తప్పు ఎక్కడుందో అక్కడ సర్దాలి,” అన్నారు.

అర్థం కాలేదన్నాను.

“బగలి చాపరి బడిలో మంచి లెక్కల మాస్టారు ఉన్నాడని మీరే రాశారు. ఉన్నాడా?”

“లేడండీ.”

“ఆ రోజు పాఠం జరిగిందా?”

“జరిగిందండీ.”

“బాగా జరిగిందా?”

దోలే గారూ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ బడిపంతుల్నే. తర్వాత ఇతరుల పాఠాలకు మార్కులు వేస్తూ గడిపేశాను. “చాలా బాగా జరిగిందండీ,” అన్నాను.

“అయితే లేకపోవడమేంటి? వెళ్లండి,” అన్నారు.

ఉత్తర్వు దీనితో జతపరిచాను. సోమవారం నుంచి నేను మీ లెక్కల ఉపాధ్యాయుణ్ణి. ‘ఎ’ మాత్రం దక్కలేదు; మెప్పు వచ్చింది పాఠానికి, గ్రేడు బడికి కదా అన్నారు ఆవిడ. వచ్చే ఏడు కొత్త అధికారి వచ్చి అసలు బడి చూసి గ్రేడు వేసేదాకా మిమ్మల్ని ఏ గ్రేడులోనూ పెట్టరు. గ్రేడు లేని బడిని మూయడానికి నిబంధన లేదట. ఆవిడే వెతికి చెప్పారు. నాకు ఒక ఏడాది ఇచ్చారు. ఆ ఆడపిల్లలకు భిన్నాలు రావడానికి ఒక ఏడాది చాలు, నాకు సున్నా ఆకలి సంగతి తేలడానికి చాలదేమో.

మా ఆవిడ అక్కడ ఇల్లు ఎలా ఉంటుందని అడిగింది. బాగుంటుందని చెప్పాను. ఎక్కడ ఉంటుందని అడిగింది. ఆ ఒక్కటీ అడగొద్దన్నాను.

తమ విధేయుడు,
పద్మధర్ హాతిబరువా
లెక్కల ఉపాధ్యాయుడు

తా.క.: నేను వస్తున్నానని పిల్లలకు చెప్పకండి. నేను వెళ్లిపోయానని వాళ్లకింకా తెలియదు.