కాటా పిడీ, కంట్రోల్ మీటా

మనవరాలికి,

పాత సామాను కొట్టు కాటా దగ్గర్నుంచి తాత దీవెనలు. నువ్వు రాసి పంపిన తూకం చీటీల ప్రోగ్రాం కంప్యూటర్లో పెట్టించాను. పని చెయ్యడం లేదు. సరుకు పేరూ బరువూ కొట్టాక, కంట్రోల్ పట్టుకుని పి నొక్కితే చీటీ వస్తుందన్నావు. కంట్రోల్ నొక్కాను. తర్వాత పి నొక్కాను. తెర మీద పి అని పడింది. పి ఎలా ఉంటుందో నాకు తెలుసు, లారీల నంబర్లు చూసి నేర్చుకున్నాను. నాకు కావలసింది చీటీ.

ఒకటో తారీకులోగా కంప్యూటర్ చీటీలు రాకపోతే కాటా దగ్గర తన బావమరిదిని కూర్చోబెడతానన్నాడు షావుకారు. నలభై ఎనిమిదేళ్ల కుర్చీ నాది. తొందరగా బాగుచెయ్.

ఇట్లు,
తాత

తా.క. ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు గబగబా చెప్తావు, నేను అర్థమైనట్టు ఊఁ కొడతాను. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. మా లారీ డ్రైవరు వారానికి రెండుసార్లు మీ ఊరు వస్తాడు, అతని చేతికివ్వు.

*

తాతయ్యకి నమస్కారాలు.

ప్రోగ్రాం బాగానే ఉంది. కంట్రోల్ మీద వేలు తియ్యకూడదు తాతయ్యా. అది కిందకి నొక్కి ఉండగానే పి కొట్టాలి. అప్పుడే రెండూ కలిపి కొట్టావని ప్రోగ్రాం కనిపెడుతుంది. ఎడమ చేత్తో కంట్రోల్, కుడి చేత్తో పి. అలాగే డి కొడితే, ముందు రాసిన తూకం చెరిగిపోతుంది.

నీ మనవరాలు

తా.క. రెండు చేతులూ ఉన్నవాళ్లకి ఇదేమంత పని కాదు.

*

మనవరాలికి తాత దీవెనలు.

నా చేతుల లెక్క నాకు తెలుసు. నువ్వు చెప్పినట్టే కంట్రోల్‌ని పొద్దున కొట్టు తెరిచింది మొదలు సాయంత్రం మూసేదాకా లేవనివ్వలేదు. ఇక చూడు నీ ప్రోగ్రాం వేషాలు. అక్షరం ఒక్కటీ తెర మీద పడదు. డబ్బాలు అని ఇంగ్లీషులో మొదలెట్టానో లేదో, నిన్న కొట్టి ఉంచిన ఒకావిడ ఇనుము తూకం చెరిగిపోయింది. పేపర్ అని కొడితే రెండు ఖాళీ చీటీలు బయటికొచ్చాయి. ఆవిడ కాటా ఎదురుగా కూర్చుని "నా ఇనుము ఏదయ్యా" అంది. ఆ గుట్టలో ఉందమ్మా అన్నాను. "గుట్టలో అందరిదీ ఉంది, నాదేదీ" అంది.

బావమరిది పక్కనే నిలబడి నవ్వాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

ఇట్లు,
తాత

తా.క. ఆ ఖాళీ చీటీలు కాటా మీద పెట్టి చూశాను. బరువేమీ లేదు.

*

తాతయ్యకి నమస్కారాలు.

రోజంతా ఎవరూ మీట నొక్కి ఉంచలేరులే, కోపంతో అన్నావు. కంట్రోల్ మీట దుమ్ముతో ఇరుక్కుపోయినట్టుంది. కొత్త కీబోర్డు మీ లారీ డ్రైవరుతో పంపుతున్నాను. ప్రోగ్రాంలో ఒక చిట్టా కూడా పెట్టాను. ఏ మీట ఎప్పుడు కిందకి దిగిందో, ఎప్పుడు పైకి లేచిందో గంటా నిమిషంతో రాసుకుంటుంది. రెండు రోజులయ్యాక దాన్ని పెన్ డ్రైవ్‌లో వేయించి పంపు.

నీ మనవరాలు

తా.క. కీబోర్డు మీద టీ ఒలకపొయ్యకు.

*

మనవరాలికి తాత దీవెనలు.

చిట్టా పంపుతున్నాను. కొత్త కీబోర్డుదీ అదే రోగం. ఒకటో తారీకు ఇంకా పది రోజులుంది. బావమరిది నా కుర్చీ ఎత్తు కొలుచుకుని వెళ్లాడు.

ఇట్లు,
తాత

తా.క. నేను టీ తాగను. ఒలికింది బావమరిదిది.

*

తాతయ్యా,

చిట్టా చూశాను. కంట్రోల్ మీట పొద్దున తొమ్మిదీ రెండుకి కిందకి దిగి, సాయంత్రం అయిదూ నలభైకి పైకి లేచింది. మధ్యలో భోజనానికి కూడా లేవలేదు. నిజం చెప్పు, దాని మీద ఏం పెట్టావు?

నీ మనవరాలు

*

మనవరాలికి తాత దీవెనలు.

అరకిలో తూకపు రాయి పెట్టాను. ఇంకేం చెయ్యమంటావు? నా ఎడమ చెయ్యి కాటా పిడి మీద ఉంటుంది. సరుకు ఎక్కింది మొదలు చీటీ వాళ్ల చేతిలో పడేదాకా ఆ పిడి వదలను. వదిలితే దండె ఊగి కిలో అటో ఇటో అవుతుంది. కాగితాలు ఏరుకొచ్చేవాళ్లకి కిలో అంటే ఒక పూట నడక. నా చెయ్యి చూసే వాళ్లు చీటీ నమ్ముతారు. ఒక్కసారే వదిలాను, మీ అమ్మ పుట్టిందని కబురొస్తే. తిరిగొచ్చి ఆ తూకం మళ్లీ వేశాను.

ఇట్లు,
తాత

తా.క. ముందే ఎందుకు చెప్పలేదంటావు. ఊపిరి పీలుస్తున్నానని ఎవరైనా ఉత్తరంలో రాస్తారా?

*

తాతయ్యకి నమస్కారాలు.

అడగాలని నాకు తోచలేదు. ప్రోగ్రాం మార్చాను. ఇక కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలెయ్. అది గుర్తుపెట్టుకుని తర్వాతి మీట కోసం కాచుకుని ఉంటుంది. అప్పుడు పి కొట్టు. ఒక్క చెయ్యి, ఒక్క వేలు చాలు. రాయి తీసెయ్.

నీ మనవరాలు

తా.క. రెండు చేతుల మాట వెనక్కి తీసుకున్నాను.

*

మనవరాలికి తాత దీవెనలు.

చీటీలు వస్తున్నాయి. అయినా ఒకటో తారీకున షావుకారు మా ఇద్దరికీ పోటీ పెట్టాడు. బావమరిది రెండు చేతులూ కీబోర్డు మీద వేసి టకటకా కొట్టి, నాకంటే ముందే చీటీ తీశాడు. తీరా ఇస్తే, ఆ రోజు ఇనుము తూకం చెరిగిపోయినావిడ ఆ చీటీ పుచ్చుకోలేదు. "పిడి మీద చెయ్యేదీ" అంది. వెనక వరుసలో వాళ్లంతా మోస్తున్న బస్తాలు కింద దించేశారు, కాటా ఎక్కించలేదు. షావుకారు కాసేపు తల గోక్కుని, నన్ను కూర్చోమన్నాడు.

ఒక్క మాట. నా మొదటి ఉత్తరం తీసి చదువు. కంట్రోల్ నొక్కాను, తర్వాత పి నొక్కాను అని రాశానా లేదా? నేను మొదటి రోజునుంచీ సరిగ్గానే నొక్కుతున్నాను. ప్రోగ్రాం నేర్చుకోవడానికే నెల పట్టింది. బుర్ర తక్కువది, అయినా నీది కాబట్టి ఓర్చుకున్నాను.

ఇట్లు,
తాత

తా.క. బావమరిది నా దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. పిడి మీద చెయ్యి పెట్టించాను, సాయంత్రందాకా తియ్యనివ్వలేదు. అరకిలో రాయికి పని లేకుండా పోయింది. నీ ఉత్తరాల మీద పెట్టాను, ఎగిరిపోకుండా.