ఇంటికొకరు

బరంపురం,
9-11-1930

నా వాసవికి,

చింతపండు మూట అడుగున నువ్వు పెట్టిన రెండు పుస్తకాలూ చేరాయి. మూట నేనే విప్పాను, ఎవరూ చూడలేదు. ఎలా ఉన్నాయో రాయమన్నావు. చిన్నప్పుడు బళ్ళో ఒకే పుస్తకాన్ని చెరోవైపూ పట్టుకుని చదివేవాళ్ళం. నువ్వు ముందుగా పేజీ పూర్తిచేసి నన్ను తొందరపెట్టేదానివి. ఇప్పుడు నువ్వు కొడల ఊళ్ళో, నేనిక్కడ. నీ తొందర మాత్రం అలాగే ఉంది.

మొదటిది అద్దంలో దయ్యం కథ. చచ్చిపోయిన మొదటి భార్య రెండో భార్య అద్దంలో చేరి కూర్చుంటుంది. నువ్వు మూడు రోజులు అద్దం చూసుకోలేదని రాశావు. నాకంత భయం వెయ్యలేదు. ఆ దయ్యం మరీ ఎక్కువ మాట్లాడుతుంది. చచ్చినవాళ్ళకి అన్ని మాటలుండవు. ఒక్కచోట మాత్రం ఒళ్ళు జలదరించింది. రెండో భార్య అద్దం మీద మరక తుడుస్తుంది, మళ్ళీ తుడుస్తుంది, అది అద్దం లోపలివైపు ఉందని అప్పుడు తెలుసుకుంటుంది. రాసినాయన అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. రెండోది, కొండ కింద పట్నం కథ, నాకు నచ్చలేదు. అక్కడ ఎవరికీ ముసలితనం రాదు. అందరూ పాడుకుంటూ తిరుగుతారు. మా అంట్లు తోమే కాసమ్మకి ఆ కథ చెబితే, "మరక్కడ అంట్లెవలు తోముతారు సిన్నమ్మా?" అంది. నూటయాభై పేజీల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఎలా చదువుతున్నానో చెబితే నవ్వుతావు. మా అత్తగారి రెండు కళ్ళకీ పొర కమ్మి ఏడాదైంది. వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియవు. మావారు పట్టుబట్టల కొట్టుకి వెళ్ళిపోయాక ఆవిడకి పొద్దుపోదు. మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి పత్రిక చదవమంటుంది. ఈ ఇంట్లో నేను అచ్చుకాగితం ముట్టుకోవడం ఆరేళ్ళలో ఇదే మొదలు. నీ పుస్తకాన్ని పత్రిక మడతలో పెట్టుకుని ఒక వార్త పైకీ, ఒక పేజీ లోపలా చదువుతున్నాను. మొన్న పుస్తకంలో పడి పత్రిక సంగతి మరిచిపోయాను.

"ఏటే, నోరు పడిపోనాదా? గట్టిగా సదువు" అని కసిరింది.

కంగారులో కంటికి ఎదురుగా ఉన్నది చదివేశాను. అద్దం మీద మరక. అత్తగారు నావైపు జరిగి కూర్చుంది. తరవాత, "ఏ ఊరంట?" అంది. రాజమండ్రి అన్నాను. ఆ సాయంత్రం తన గదిలో అద్దాన్ని కాసమ్మ చేత గోడవైపు తిప్పించింది. కళ్ళు కనపడని మనిషికి అద్దం ఎటు తిరిగి ఉంటేనేం? నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఇంకోటి పంపు.

నీ సత్యవతి


బరంపురం,
14-12-1930

ప్రాణంతో సమానమైన వాసవికి,

ఈసారి నువ్వు పంపినది చదివి నిజంగా భయపడ్డాను. అందులో దయ్యం లేదు. నూరేళ్ళ తరవాతి దేశమట. దొరతనంవారు ఏడాదికోసారి మనుషుల్ని లెక్కపెడతారు. తలుపులకి అంకెలు వేస్తారు. గుడ్డివాళ్ళు, మతిలేనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు, ఎవరివల్ల పని జరగదో వాళ్ళని ఓడ ఎక్కిస్తారు. ఓడ తిరిగివస్తుంది, మనుషులు రారు. అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడతారు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, "మీ ఇంట్లో ఎంతమందండీ?" అని అడుగుతారు. కత్తి పట్టుకుని వచ్చేవాణ్ణి చూసి పరిగెత్తవచ్చు. మంచినీళ్ళడిగేవాణ్ణి చూసి ఎవరు పరిగెడతారు? 

మర్నాడు దాన్నే అత్తగారికి పత్రికలో పడిన వార్తగా చదివాను. ఈసారి కంగారులో కాదు. ఓడ ఏ రేవు నుంచి వెళ్తుందో పుస్తకంలో లేదు. గోపాల్‌పూర్ అని నేను పెట్టాను. రంగూన్ వెళ్ళే ఓడలు ఆగేది అక్కడేగా.

ఆ వారమే జనాభా లెక్కల కోసం మా వీధిలో తలుపులన్నిటికీ ఎర్రమట్టి జాజుతో అంకెలు వేశారు. నేను అనుకున్నది కాదు, అలా కలిసివచ్చింది. కాసమ్మ వీధిలోంచి పరిగెత్తుకొచ్చి, "పెద్దమ్మగోరూ, మన తలుపుకి కూడా నంబరేసీసినారు! లెక్కలోల్లొస్తారంట, మనిసి మనిసినీ అడుగుతారంట!" అంది.  అత్తగారి ఒళ్ళో ఉన్న తమలపాకుల పళ్ళెం గలగలమంది.

ఎందుకు చేశానని అడుగుతావు. మా అమ్మడు పోయిన సంగతి నీకు తెలుసు. ఎలా పోయిందో నేనెప్పుడూ రాయలేదు. ఆరేళ్ళ కిందటి మాట, దానికప్పుడు నాలుగో ఏడు. జ్వరం వచ్చి రొమ్ము పట్టేసింది. మావారు డాక్టరుని తీసుకొస్తానని చెప్పులు వేసుకున్నారు. అత్తగారు గుమ్మానికి వేపమండలు కట్టించి, "అమ్మోరు పోస్తాది. మందు ఇంట్లోకొస్తే తల్లికి కోపమొస్తాది" అంది. ఆయన చెప్పులు విప్పేశారు. పొక్కులు లేస్తాయని మూడు రోజులు చూశాం. ఒక్క పొక్కూ లేవలేదు. నాలుగో రోజు పొద్దున్న పిల్ల పోయింది. కన్ను మూతపడకుండా ఉండాలని ఆ మూడు రోజులూ మంచం పక్కన ఒక నవల పట్టుకుని కూర్చున్నాను. అందులో ఏముందో ఈనాటికీ తెలియదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో అత్తగారు ఒకటే మాట చెప్పింది: "నవల సదువుకుంటా కూసుంది, పిల్లని సూసుకోలేదు." మావారికి నిజం తెలుసు. ఊరుకున్నారు. నా పుస్తకాలు నీళ్ళపొయ్యిలోకి పోయాయి. ఇప్పటికీ పేరంటానికి వెళితే చంటిపిల్లల తల్లులు నా పక్కన కూర్చోరు.

మందు వద్దన్నది తనేనని ఆవిడ తన నోటితో, తన కొడుకు ముందు అనాలి. నాకింకేమీ అక్కర్లేదు. ఆవిడ చేత అనిపిస్తాను.

నీ సత్యవతి


బరంపురం,
18-1-1931

నా మంచి కోరే వాసవికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుడ్డి ముసలిదాన్ని బెదిరించడం పాపమన్నావు, పుస్తకాలు పంపినందుకు నీకూ అంటుకుంటుందని రాశావు. నీకేమీ అంటుకోదు. పుస్తకంలో ఉన్నంత మేరకే నీ వంతు. మిగతాది నాది.

అత్తగారి తిండి సగమైంది. గోడ పట్టుకోకుండా నడవడం నేర్చుకుంటోంది. పడుతుంది, లేస్తుంది, ఎవరైనా చూశారా అని చెవులు రిక్కించి వింటుంది. తనవల్ల ఇంట్లో పని జరుగుతోందని అనిపించుకోవాలని బియ్యం ఏరతానని చేట అడిగి తీసుకుంటుంది. రాళ్ళు చేటలో ఉంటాయి, బియ్యం కింద ఉంటాయి. ఆవిడ లేచి వెళ్ళాక నేను మళ్ళీ ఏరుకుంటాను. కొడుకుని మాత్రం ఒక్క మాట అడగలేదు.

"మీ అబ్బాయిని అడగకపోయారా, ఇదంతా నిజమో కాదో?" అని నేనే కదిపాను.

"రవణతో అనకే" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సంగతి తెలిస్తే కొడుకే తనని లెక్కలవాళ్ళకి చూపిస్తాడేమోనని ఆవిడ భయం. పధ్నాలుగేళ్ళ కాపురంలో అత్తగారు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చల్లగా ఉంది.

పుస్తకంలో అధికారులే మనుషుల్ని ఏరుతారు. నాకది చాలలేదు. ఒక మధ్యాహ్నం, పుస్తకంలో లేని మాట చేర్చి చదివాను. ఇంటికొకరిని ఇవ్వాలి, ఎవరన్నది ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. ఇది రాసినాయన రాసినదానికంటే బాగుందనిపించింది వాసవీ. కాస్త గర్వం కూడా వేసింది.

"నువ్వు నా పేరు సెప్తావేటే?" అంది.

"అమ్మడి సంగతి మీ అబ్బాయి ముందు ఉన్నదున్నట్టు చెప్పండి అత్తయ్యా. మీ పేరు నేను చెప్పను."

"మరెవలి పేరు సెప్తావు?"

"ఎవరిదీ చెప్పను. మా ఇంట్లో అందరూ కావలసినవాళ్ళే అంటాను."

"ఇంటికొకలు అన్నావు కదే. ఎవలూ లేరంటే ఊరుకుంటారేటి?"

 అంతవరకూ ఆలోచించలేదు. పేజీ తిప్పినట్టు చప్పుడు చేశాను.

"లెక్కలోడు ఎప్పుడొస్తాడు?" అంది.

ఇంకో పదిహేను రోజులన్నాను.

"అయితే సూద్దాం" అని గోడవైపు తిరిగి పడుకుంది. మొండితనం అనుకున్నాను. ఆలోచించుకుంటోందని నాకు తోచలేదు.

నీ సత్యవతి


బరంపురం,
12-2-1931

నాకున్న ఒక్క వాసవికి,

జనాభా లెక్కలు రాసే మాస్టారు వచ్చి వెళ్ళి వారం దాటింది. ఆయన పేరు సోమేశ్వరరావు, మా వీధి బళ్ళోనే పాఠాలు చెబుతారు. మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చారు. మావారు ఇంట్లోనే ఉన్నారు, గుమ్మానికి ఎదురుగా విస్తరి ముందు. మాస్టారు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగారు. నేను ఇచ్చాను. ఇచ్చి రెండడుగులు వెనక్కి వేశాను. కారణం పుస్తకమని ఆయనకేం తెలుసు?

అత్తగారు ముందే తయారైంది. కాసమ్మ చేత తల దువ్వించుకుంది. పోయిన మామగారి కళ్ళజోడు పెట్టెలోంచి తీయించి పెట్టుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గదిలోంచి అరుగు దాకా పధ్నాలుగు అడుగులు నడిచివచ్చి కూర్చుంది. ఆ అడుగులు ఎన్నాళ్ళు లెక్కపెట్టుకుందో.

"మాతృభాష తెలుగే కదా మామ్మగారూ? గట్టిగా చెప్పండి. మనవాళ్ళు నోరు మెదపకపోతే ఈ ఊళ్ళో అంతా ఒరియావాళ్ళే, తెలుగువాళ్ళే లేరని రాసేస్తారు" అన్నారు మాస్టారు.

"తెలుగే బాబూ. నీ సొక్కా ఎంత తెల్లగా ఉందో!"

మాస్టారు నల్లకోటు వేసుకున్నారు. మర్యాదస్తుడు, తరవాతి ప్రశ్నకి వెళ్ళారు.

"వయసెంత మామ్మగారూ?"

"యాభై."

మావారికి నలభై మూడు. మాస్టారు కలం ఆపి ఆయన వైపు చూసి, నవ్వు మింగి, ఏదో రాసుకున్నారు. ఇప్పుడంటుంది, అమ్మడి మాట ఇప్పుడంటుంది అని నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. చేతులు కొంగులో చుట్టుకున్నాను.

"గుడ్డి, చెవుడు, కుష్ఠు, మతి చలించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇంట్లో? అందరినీ అడుగుతున్నాం, తప్పుగా అనుకోకండి."

"ఉంది బాబూ" అంది అత్తగారు. "మా కోడలు. మతి లేదు దానికి. పిల్ల పోయిన కాడినుంచీ లేదు. పేపర్లో లేనివన్నీ ఉన్నట్టు సదువుతాది. రాసుకో."

"అబద్ధం" అన్నాను. మతి లేనివాళ్ళందరూ అదే మాట అంటారు కాబోలు. మాస్టారు నావైపు చూడలేదు. మావారి వైపు చూశారు.

మావారు విస్తట్లో మజ్జిగ కలుపుకుంటున్నారు. "పిల్ల పోయాక కొంచెం అదోలా ఉంటుంది" అన్నారు. "అమ్మ మాటకి ఎదురెందుకు? రాసుకోండి మాస్టారూ. కాగితం మీద గీతేగా, దానివల్ల ఏమైపోతుంది?"

వాసవీ, ఆ మాట పుస్తకంలో ఉంది. ముప్పయ్యారో పేజీలో గుమాస్తా అంటాడు. ముసలివాడు తన పేరు ఎందుకు రాశావని అడిగితే, కాగితం మీద గీతే కదా అంటాడు. మొదటిసారి చదివినప్పుడు, ఇలా ఎవరంటారు, కథ కోసం రాశాడు అనుకున్నాను. ఆ రాసినాయన పెళ్ళయినవాడై ఉంటాడు.

మాస్టారు రాసుకుని వెళ్ళిపోయారు. అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని పెద్దగా ఊపిరి వదిలింది. పేపర్లో లేనివి చదువుతానని మాస్టారితో అన్నది ఉత్త ఎత్తేనని తరవాత తనే చెప్పింది. ఓడ సంగతి ఆవిడకి ఈనాటికీ నిజమే. నన్ను ఇచ్చేసింది. ఇంటికొకరు.

మర్నాటి నుంచి నాకు మహారాణి వైభవం. "నీకేటి ఇష్టమే తినడానికి?" అని అడిగింది. పధ్నాలుగేళ్ళకి. పాకుండలన్నాను. కాసమ్మ చేత బెల్లం తెప్పించి, తనే పొయ్యి పక్కన కూర్చుని, "పాకం ఉండకట్టిందా సూడు, ఉండకట్టిందా?" అని పదిసార్లు అడిగి చేయించింది. తన శాలువా తీసి నా భుజం మీద కప్పింది. "గోపాల్‌పూర్‌లో సముద్రపు గాలి సలేస్తాది. ఇది పట్టుకెల్లు" అంది. చేత్తో తడిమి నా నోరు ఎక్కడుందో చూసుకుని పాకుండ పెట్టింది. నేను తిన్నాను. బాగుంది.

అప్పుడంది. ఎప్పుడో, ఎవరో పరాయివాళ్ళ ఇంట్లో జరిగినట్టు, చల్లగా అంది.

"అమ్మడు నీ మూలాన పోలేదులే. మందొద్దన్నది నేనే. అమ్మోరు కాదని రెండోనాడే తెలిసిపోనాది నాకు. అప్పుడు డాక్టర్ని పిలిస్తే నా మాట తప్పని అందరూ అనరా? ఎల్లిపోయేదానివి, నీకు సెప్తే ఏటి పోనాది."

రెండో రోజే తెలుసని నాకు తెలియదు వాసవీ. అంత నిజం నేను అడగలేదు.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. తలుపు వేసి ఉంది. "ఈ మాట మీ అబ్బాయితో చెప్పండి" అన్నాను. "నువ్వు ఎల్లినాక సెప్తానులే" అంది. చెప్పదు.

ఓడ లేదు, ఏమీ లేదు, అంతా కథ అని ఒక్క ముక్క చెబితే చాలు. ఆవిడ భయం పోతుంది. ఆ వెంటనే పాకుండలు ఆగిపోతాయి, శాలువా వెనక్కి వెళుతుంది, అమ్మడి మాట నేనెప్పుడన్నానే అంటుంది. పైగా నాకు మతి లేదని సర్కారు కాగితంలో ఉంది. అందుకని రోజూ మధ్యాహ్నం పత్రిక పట్టుకుని కూర్చుంటున్నాను. ఓడ తుపానులో చిక్కుకుందని ఒకరోజు చదివాను, బొగ్గు అయిపోయిందని ఒకరోజు. "పాపం, ఆలీసమవుతోంది" అని ఆవిడ నొచ్చుకుంటుంది. అది నా మీద జాలో, తొందరో తెలియదు. చదవడం అయ్యాక అమ్మడి సంగతి అడుగుతాను. తలుపు వేసిందో లేదో చేత్తో తడిమి చూసుకుని, మళ్ళీ మొదటినుంచీ చెబుతుంది. రోజూ చెబుతుంది. నేను రోజూ వింటున్నాను.

ఈ పుస్తకంలో ఆవిడకి చదవనివి ఇంక పదకొండు పేజీలే మిగిలాయి. రోజుకి నాలుగు వరసల కంటే ఎక్కువ చదవడం లేదు. ఇంకోటి పంపు. దయ్యాలూ రాజకుమారులూ వద్దు. ఇలాంటిదే, పెద్దది చూసి పంపు.

నీ సత్యవతి