సింగానల్లూరులో చూసిన ఇల్లు

అక్కా,

నువ్వూ బావా ఆ బస్సు ప్రమాదంలో పోయి ఈ రోజుకు మూడేళ్ళు. నీ కూతురు మా దగ్గరే, మావాడితో పాటే పెరుగుతోంది.

నా ఉద్యోగం మదురై నుంచి కోయంబత్తూరుకు మారింది. ఊరి నడుమ ఇరుకిల్లా, శివార్లలో పెద్దిల్లా అని ఇంట్లో నెలరోజులు వాదన. పిల్లలకు గాలీ వెలుతురూ కావాలని నీ మరదలు పట్టుబట్టింది. సరేనని మొన్న అందరం సింగానల్లూరు వెళ్ళాం.

ఇల్లు బాగుంది, పెరట్లో బావి కూడా ఉంది. యజమాని పెద్దాయన, ఇక్కడ స్థిరపడ్డ తెలుగాయనే, వస్తూనే "ఇంటిపేరేమి తంబీ?" అన్నాడు. ఇన్నేళ్ళుగా కులం మీద వ్యాసాలు రాస్తున్న నేను బడిపిల్లాడిలా టక్కున చెప్పేశాను. నా మొహాన ఉమ్మెయ్యాలి.

"అట్లయితే మనవాళ్ళే! ఈ వీధంతా మనవాళ్ళే. ఈ పాప ఎవురు?"

"మా అక్క కూతురు."

"అక్కను ఏ ఊరికి ఇచ్చినారు?"

నేను నోరు తెరిచేలోపు నీ కూతురే అంది: "అమ్మను ఎవురూ ఇయ్యలేదు తాతా. అమ్మే నాయనను చూసుకొనె."

పెద్దాయన బావ కులం ఆరా తీసి, నన్ను పక్కకు పిలిచాడు. "పాపను హాస్టల్లో వెయ్యి తంబీ, మీరు మాత్రం రాండి."

ఎంత ఔదార్యం! తియ్యని బావినీళ్ళిచ్చి, పిల్లను బయట పెట్టమంటాడు. వీళ్ళ మంచి గాలి ఇదన్నమాట. పెద్దిల్లు కావాలన్న నీ మరదలే అందరికంటే ముందు చెప్పులేసుకుంది.

టౌన్‌హాల్ దగ్గర మేడమీద రెండు గదులు తీసుకున్నాం. సిటీ ఏమీ పుణ్యభూమి కాదు, కింద లేతు మిషను రోజంతా గీపెడుతుంది. ఆ ఇంటి యజమానురాలు మాత్రం, నీళ్ళు చాలాలి కదా, మొత్తం ఎంతమందని అరవంలో అడిగింది.

నలుగురం అన్నాను.